వేల్స్ చరిత్ర డాక్యుమెంటరీలు చూసేవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?

నిద్రపట్టనోడు
ఫుట్‌బాల్ కోసమని రెక్సమ్ క్లబ్ సిరీస్ పెట్టాను. 2021లో ఇద్దరు హాలీవుడ్ నటులు వేల్స్‌లో ఓ పాత క్లబ్ కొన్న కథ, మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ఓ చోట గ్రెస్‌ఫర్డ్ బొగ్గుగని ప్రమాదం వస్తుంది. 1934 సెప్టెంబర్ 22, శనివారం. ఆ మధ్యాహ్నం రెక్సమ్ మ్యాచ్ ఉందని చాలామంది షిఫ్టు మార్చుకుని రాత్రి డ్యూటీకి దిగారు. తెల్లవారుజామున రెండు గంటల వేళ పేలుడు. 266 మంది పోయారు. ఎక్కువ మంది శవాలను పైకి తేవడం కుదరక లోపలే వదిలేసి మూసేశారు.

ఇక ఫుట్‌బాల్ అటకెక్కింది. అప్పటి నుంచి వేల్స్ చరిత్ర మీద ఏది దొరికితే అది చూస్తున్నా. కానీ సగానికి సగం ఒకటే వరస. కోట మీద డ్రోన్, కొండ మీద గొర్రెలు, వెనక హార్ప్, ఇంగ్లండ్ నుంచి ఎడ్వర్డ్ రాజు వచ్చాడు, అయిపోయింది. అసలు సరుకున్నవి ఏవో తెలిసినవాళ్ళు చెప్పండి. ఇంట్లోనేమో "వాళ్ళ గోల నీకెందుకురా" అని రోజూ క్లాసు.

తోకచుక్క
ముందు మన కాకతీయుల మీద సరైన డాక్యుమెంటరీ ఒకటి చూపించండి. తర్వాత వేల్స్‌కి టికెట్ తీద్దాం.

నిద్రపట్టనోడు
@తోకచుక్క అదే కదా మంట. ముప్ఫై లక్షల చిల్లర జనాభా. మన జిల్లా అంత. వాళ్ళకి గంటల కొద్దీ చరిత్ర టీవీలో ఉంది.

పాతపుస్తకాలు
డ్రోన్ బాధ పోవాలంటే డ్రోన్ పుట్టక ముందు తీసింది చూడండి. 1985లో హెచ్‌టీవీ అనే టీవీ కంపెనీ వాళ్ళు చానల్ 4 కోసం తీసిన 'ది డ్రాగన్ హ్యాజ్ టూ టంగ్స్', 13 భాగాలు. నా లెక్కలో చరిత్ర డాక్యుమెంటరీ అంటే అదే, వేల్స్ అనే కాదు, ఎక్కడిదైనా సరే.

దాని గొప్ప ఏమిటంటే ప్రెజెంటర్లు ఇద్దరు, ఆ ఇద్దరికీ పడదు. ఒకాయన విన్‌ఫర్డ్ వాన్-థామస్, పాతకాలపు బ్రాడ్‌కాస్టర్, గొంతు తేనె, ఆయన చెబుతుంటే వేల్స్ అంటే తరతరాలుగా తెగని ఒకే దారం. రెండో ఆయన గ్విన్ ఆల్ఫ్ విలియమ్స్, మెర్థిర్ దగ్గర డౌలైస్‌లో పుట్టిన మార్క్సిస్టు చరిత్రకారుడు, పొట్టి మనిషి, మాటలో నత్తి. ఆ నత్తిని దాచుకోడు, దాంతోనే పేలుతాడు. దారం లేదు, గీరం లేదు, అడుగడుగునా తెగి మళ్ళీ కట్టుకున్నదే వేల్స్ అంటాడు. ఒకాయన చెప్పింది రెండో ఆయన మొహం మీదే కొట్టిపారేస్తాడు. ఎవరు గెలిచారో సిరీస్ తేల్చదు. మనమే తేల్చుకోవాలి. వేల్స్‌లో అప్పట్లో జనం గుంపులుగా కూర్చుని చూసి, టీవీ కట్టేశాక వాదించుకునేవారు.

వాళ్ళు వాదించుకునే సంగతులు మనకు కొత్త. అయినా ఆ వాదన మనకు బాగా తెలిసిందే. అందుకే బయటివాడికీ పట్టుకుంటుంది.

తోకచుక్క
అంటే న్యూస్ చానల్ డిబేట్ అన్నమాట.

పాతపుస్తకాలు
@తోకచుక్క కాదు. వీళ్ళిద్దరూ చదువుకుని వచ్చారు.

బ్యాక్‌వాటర్_కర్నూలు
😂😂

స్వాన్సీ_సుబ్బులు
పదేళ్ళ పైనే ఇక్కడ వేల్స్‌లోనే ఉంటున్నా, ఆస్పత్రి ఉద్యోగం. ఒక సంగతి చెబితే నవ్వుతారు. ఈ డాక్యుమెంటరీలు బయటివాళ్ళ కోసం అనుకుంటారు గానీ, ఇక్కడివాళ్ళకే వాటి అవసరం ఎక్కువ. నా డ్యూటీలో యాభై దాటిన వాళ్ళు ఉన్నారు, బళ్ళో ఇంగ్లండ్ రాజులు ట్యూడర్లు, హెన్రీ ఎనిమిదో ఆయన భార్యలు అన్నీ చదివారు. ఓవైన్ గ్లిన్‌డూర్ పేరు మాత్రం టీవీలోనే విన్నామంటారు. 1400లో ఇంగ్లండ్ రాజు మీద తిరుగుబాటు చేసి, 1404లో మఖన్‌థ్లెత్‌లో పార్లమెంటు పెట్టుకున్న మనిషి! 2022లో వచ్చిన కొత్త సిలబస్‌లో వేల్స్ చరిత్ర అందరు పిల్లలకూ తప్పనిసరి. వీళ్ళకి మాత్రం టీవీయే పాఠ్యపుస్తకం.

డ్రోన్ గురించి మాత్రం @నిద్రపట్టనోడు గారితో ఒప్పుకోను. కార్నార్వన్ కోట కింద నిలబడితే మెడ నొప్పి పుడుతుంది, పై నుంచి చూస్తేనే తెలుస్తుంది అది ఊరిని ఎలా మింగి కూర్చుందో. 1282లో వేల్స్ ఆఖరి రాకుమారుడు థ్లవెలిన్‌ని చంపేశాక ఎడ్వర్డ్ రాజు కట్టించిన కోటలు అవి. బెదిరించడానికే కట్టారు. ఆ మాట చెబుతూ చూపిస్తే డ్రోనూ పనికొస్తుంది.

నిద్రపట్టనోడు
@స్వాన్సీ_సుబ్బులు ఆ మాట చెప్పరనే కదండీ నా గొడవ. "ఎంత అద్భుతమైన కట్టడం" అని సంగీతం పెడతారు.

ఎయిట్_ఇంక్లైన్
నేను చూసింది వేల్స్‌ల ఒక్క బొగ్గు ఊరి మీదే. ఆబర్‌వాన్.

మాది బొగ్గు ఊరు. మా నాన్న బాయి పనికి పోయేటోడు, ఇప్పుడు రిటైర్. ఓపెన్‌కాస్ట్ వచ్చినంక మా ఊరి పక్కన మట్టి గుట్టలు లేచినయి, ఓబీ గుట్టలు అంటం. చిన్నప్పుడు మాకు అవే కొండలు. ఆబర్‌వాన్ డాక్యుమెంటరీలో మొదటి షాట్ చూడంగనే నాకు మా ఇంటి వెనక వైపు కనబడ్డది.

1966 అక్టోబర్ 21, శుక్రవారం, పొద్దున 9:15. పాంట్‌గ్లాస్ బడిలో పిల్లలు అప్పుడే క్లాసుల్లోకి వచ్చిండ్రు. టర్మ్ మధ్యల ఇచ్చే సెలవులకు ముందు అదే ఆఖరి బడి రోజు. బడి పైన గని చెత్త పోసిన గుట్ట. గుట్ట మీద ఎండ, కింద ఊర్లో పొగమంచు. పైన పనిచేసేటోళ్ళకు గుట్ట జారుడు కనబడ్డది, కింద ఉన్నోళ్ళకు చప్పుడు ఒక్కటే వినబడ్డది. గుట్ట వచ్చి బడి మీద పడ్డది. 144 మంది చచ్చిపోయిండ్రు, అందుల 116 మంది పిల్లలు. ఆ 7వ నంబరు గుట్టను నీటి ఊట మీదనే పోసిండ్రు. బడి వెనక ఇది ప్రమాదం అని కౌన్సిల్ ఇంజనీరు మూడేళ్ళ ముందే, 1963లోనే రాసిండు. విచారణల తప్పు ప్రభుత్వ బొగ్గు బోర్డుదే అని తేల్చిండ్రు. ఒక్కరి ఉద్యోగం పోలె.

నాకు నిద్ర పట్టకుండ చేసింది ఇంకోటి. లోకమంతా పంపిన విరాళాల నిధి నుంచి ప్రభుత్వం 1,50,000 పౌండ్లు తీసుకుని, మిగిలిన గుట్టలు తొలగించడానికి వాడిండ్రు. అంటే పిల్లలు పోయినోళ్ళ పైసలతోనే! 1997ల వాపస్ ఇచ్చిండ్రు, వడ్డీ లేకుండ. ఆ తర్వాత 2007ల వేల్స్ ప్రభుత్వం ఇంకో 20 లక్షల పౌండ్లు ఇచ్చింది.

2016ల యాభై ఏళ్ళయిన సందర్భంగా వచ్చినవి చూడండి. అప్పటి పిల్లలు, ఇప్పుడు అరవైకి దగ్గర పడ్డోళ్ళు, కూర్చుని మాట్లాడుతరు. కొందరు అప్పటిదాకా ఇంట్లో వాళ్ళతో కూడ మాట్లాడలేదట.

మిడ్‌నైట్_మూవీస్
ఆ కథ నాకు బ్రిటన్ రాణి మీద తీసిన 'ది క్రౌన్' సిరీస్ మూడో సీజన్ వల్ల తెలిసింది. ఆ ఎపిసోడ్ చూసి ఏడవనోడు లేడు. నిజం చెప్పాలంటే డాక్యుమెంటరీ అంత పని చేయదు.

ఎయిట్_ఇంక్లైన్
@మిడ్‌నైట్_మూవీస్ అన్నా, ఆ ఎపిసోడ్‌ల ఊరు రాణిగారి మనసు తెలుసుకోవడానికి ఒక సాకు. ఆమె ఏడ్చిందా ఏడవలేదా, అదే కథ. నాకు రాణి ఏడుపు వద్దు, ఆ ఇంజనీరు ఉత్తరం ఎవరి టేబుల్ మీద ఆగిందో కావాలె.

పాతపుస్తకాలు
పైన పోస్టుకు నా చప్పట్లు.

మిడ్‌నైట్_మూవీస్
సరే కానీ డ్రామా లేకపోతే నాలాంటివాడు ఆ ఊరి పేరు కూడా వినేవాడు కాదుగా. గేటు అదే, లోపలికి వెళ్ళాక మీ డాక్యుమెంటరీలు.

బ్యాక్‌వాటర్_కర్నూలు
నన్ను పట్టుకుంది ట్రవెరిన్ లోయ. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి నీళ్ళు కావాలని కాపెల్ కెలిన్ అనే ఊరిని ముంచేశారు. 1957లో లండన్ పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ ఎంపీలు 36 మందిలో ఒక్కరంటే ఒక్కరు కూడా దానికి ఓటు వేయలేదు, అయినా పాసైపోయింది. ఊరివాళ్ళు పిల్లాపాపలతో లివర్‌పూల్ వీధుల్లో ఊరేగింపు చేశారు. ఆ పాత ఫిల్ము ముక్క ప్రతి డాక్యుమెంటరీలోనూ ఉంటుంది, ఎన్నిసార్లు చూసినా కళ్ళు వాళ్ళ చేతుల్లోని అట్టల మీదే. 1965లో నీళ్ళు నిండాయి. బడి, ప్రార్థన మందిరం, పోస్టాఫీసు, ఇళ్ళు అన్నీ కిందకి. శ్మశానంలో కొన్ని శవాలను తీసి వేరే చోటికి మార్చారు, మిగతా సమాధుల మీద కాంక్రీటు పోశారు. ప్రారంభోత్సవం రోజు ఆందోళనకారులు మైకు వైర్లు కోసేస్తే ఆ సభ కొద్ది నిమిషాల్లోనే ముగిసింది. 2005లో లివర్‌పూల్ కౌన్సిల్ క్షమాపణ చెప్పింది.

మా అమ్మ వాళ్ళ ఊరు శ్రీశైలం నీళ్ళ కింద ఉంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, పక్కన కూర్చుని నేను చెబుతూ చూపించా. సమాధుల భాగం దగ్గర ఆపమంది. "మనూళ్ళో ఇదన్నా అడగలా" అంది. తర్వాత అమ్మ చెప్పిన పేర్లన్నీ రాసుకున్నా, ఎవరి ఇల్లు ఎక్కడ, బావి ఎక్కడ, రచ్చబండ ఎక్కడ. నీళ్ళు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది కాబట్టి అందరికీ ఆ గుడి తెలుసు. ఊళ్ళ సంగతి ఎవడికీ తెలీదు.

తోకచుక్క
ఈ థ్రెడ్‌లో జోకులు వేయడం మానేస్తున్నా కాసేపు.

స్వాన్సీ_సుబ్బులు
@బ్యాక్‌వాటర్_కర్నూలు అబెరిస్ట్‌విత్ వెళ్ళే దారిలో థ్లాన్‌రస్టిద్ దగ్గర రోడ్డు పక్కన ఓ పాడుబడ్డ గోడ ఉంది, దాని మీద 'ట్రవెరిన్‌ని మరవొద్దు' అని ఇక్కడి వెల్ష్ భాషలో రాసి ఉంటుంది. అరవైల్లో రాశారు. 2019లో ఎవరో దాన్ని పాడుచేస్తే, తిరిగి రాయడమే కాదు, వేల్స్ అంతటా గోడల మీద అదే రాత మొలిచింది. మా వీధి చివర గ్యారేజీ మీద కూడా ఉంది. ఇంకో విషయం, 2022 ఎండలకు వర్న్‌వీ సరస్సులో నీళ్ళు తగ్గి పాత థ్లాన్‌వుదిన్ ఊరి గోడలు తేలాయి. అది కూడా లివర్‌పూల్ నీళ్ళ కోసం 1880ల్లో ముంచిందే. ఒకే నగరం, రెండు ఊళ్ళు.

చరిత్ర_మాస్టారు
అందరూ కన్నీళ్ళ మీదే ఉన్నారు, కాస్త ఇసుక పోస్తాను.

ఈ డాక్యుమెంటరీలకు ఒక జబ్బు ఉంది. వేల్స్‌ని ఎప్పుడూ దెబ్బతిన్నవాడిగానే చూపిస్తాయి. వెల్ష్ మాట్లాడిన పిల్లవాడి మెడలో చెక్క ముక్క వేలాడదీసే 'వెల్ష్ నాట్' దృశ్యం ఉండని సిరీస్ ఉందా? పద్ధతి ఇలా ఉండేది: పట్టుబడ్డ పిల్లవాడి దగ్గర చెక్క, వాడు ఇంకొకడిని పట్టుకుంటే వాడికి బదిలీ, బడి వదిలే వేళకు ఎవడి దగ్గర ఉంటే వాడికి దెబ్బలు. ఘోరమే, కాదనను. కానీ టీవీలో చూస్తే లండన్ ప్రభుత్వం చట్టం చేసి ప్రతి మెడకూ తగిలించిందనిపిస్తుంది. అలాంటి చట్టమేదీ లేదు. అన్ని బళ్ళలోనూ లేదు, 19వ శతాబ్దంలో కొన్ని చోట్ల ఉంది. వేసింది చాలాసార్లు వెల్ష్ మాస్టర్లే. పిల్లాడికి ఇంగ్లీషు వస్తే చాలని ఊరుకున్నది వెల్ష్ తల్లిదండ్రులే. 1847లో ప్రభుత్వ కమిషనర్లు వచ్చి వెల్ష్ భాషనీ వెల్ష్ ఆడవాళ్ళ నడతనీ కలిపి తిట్టిపోస్తూ నివేదిక రాశారు, అది నిజమైన అవమానం. దాన్నీ చెక్క ముక్కనీ ఒకే మూకుడులో వేయించేస్తారు టీవీవాళ్ళు.

దోషి పైవాడొక్కడే అంటే చూసేవాడికి హాయిగా ఉంటుంది. 2009లో మన కడప జిల్లా మైదుకూరులో ఓ బళ్ళో 'ఇక తెలుగు మాట్లాడను' అని పలకలు రాసి పిల్లల మెడల్లో వేశారు. ఏ దొర వచ్చి వేశాడు?

మిడ్‌నైట్_మూవీస్
మా స్కూల్లో తెలుగు మాటకి రూపాయి ఫైన్. మా అమ్మ ఫైన్ కట్టి "మంచిదే, ఇంగ్లీషు వస్తుంది" అనేది.

చరిత్ర_మాస్టారు
@మిడ్‌నైట్_మూవీస్ నేను చెప్పిన వెల్ష్ తల్లి ఆవిడే.

బద్వేలు_బాషా
మాస్టారు మొదలుపెట్టారు కాబట్టి నేనూ ఒక పుల్ల వేస్తా. వేల్స్‌లో పోవిస్ కోట ఉంది. దాంట్లో మన దేశం సామాను వెయ్యికి పైనే ఉంది, టిప్పు సుల్తాన్ గుడారంతో సహా. పూల అద్దకం గుడ్డ, అంత పెద్దది ఇంకా చెక్కు చెదరలేదు. అక్కడికి ఎట్లా చేరింది? రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ పోవిస్ వాళ్ళ ఆడపిల్లను పెళ్ళి చేసుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం పడినప్పుడు మద్రాసు గవర్నరు ఆయనే. 1800లో నిజాం మా సీమ జిల్లాలను కంపెనీకి ధారపోసినప్పుడూ ఆయనే. దత్త మండలాలు అని మేం చదువుకున్నది అదే. మా తాతల పన్ను ఎవరి ఖాతాలో చేరిందో చూసుకోవాలంటే పోవిస్ గోడలు చూస్తే చాలు.

కాబట్టి "వాళ్ళ గోల మనకెందుకు" అన్నవాళ్ళకి ఇది చెప్పండి.

నిద్రపట్టనోడు
@బద్వేలు_బాషా అన్నా, ఇది మాత్రం మా ఇంట్లో పనిచేసేలా ఉంది. థాంక్స్.

పాతపుస్తకాలు
బాషా గారి పాయింటు సరే గానీ క్లైవ్ కుటుంబాన్ని వేల్స్ జనం మీద వేయడం అన్యాయం. పోవిస్ ప్రభువులకీ గ్రెస్‌ఫర్డ్ కూలీకీ ఏం సంబంధం?

చరిత్ర_మాస్టారు
ప్రభువుల వరకే అయితే వదిలేద్దును. ఉత్తరాన బెథెస్డాలో పెన్రిన్ పలకరాతి గని. ఆ గని యజమానుల కుటుంబానికి మొదటి డబ్బు జమైకా చెరకు తోటల బానిసల నుంచి వచ్చింది. అదే గనిలో 1900 నుంచి 1903 దాకా కార్మికులు మూడేళ్ళు పని మానేసి పోరాడారు, 'ఈ ఇంట్లో ద్రోహి లేడు' అని కిటికీల్లో కార్డులు పెట్టుకుని. రెండూ ఒకే రాయి నుంచి వచ్చినవే. ఒక ఎపిసోడ్‌లో రెండూ చూపించే ధైర్యం ఎవరికుందో వాళ్ళదే నేను చూస్తాను. వేల్స్‌లో పుట్టిన బ్రిటిష్ సేనాని థామస్ పిక్టన్ సంగతి సరేసరి, ట్రినిడాడ్‌లో చిత్రహింసలు పెట్టించిన ఆ వీరుడి విగ్రహాన్ని వేల్స్ రాజధాని కార్డిఫ్ సిటీ హాల్లో 2020లో పెట్టె కట్టి మూసేశారు.

స్వాన్సీ_సుబ్బులు
ఇప్పుడు వచ్చేవాటిలో అది చూపిస్తున్నారు మాస్టారూ. పాతవాటితో పోలిస్తే చాలా మారింది.

తోకచుక్క
మౌనవ్రతం అయిపోయింది. రెబెకా అల్లర్ల గురించి ఎవరూ చెప్పలేదేం? మీసాలున్న రైతులు ఆడవాళ్ళ గౌన్లు వేసుకుని రాత్రిళ్ళు టోల్‌గేట్లు పగలగొట్టేవారు, 1839లో మొదలెట్టి 1843 దాకా. సున్నం బండి తోలుకెళ్ళాలన్నా గేటు గేటుకీ డబ్బు కట్టాలి మరి. ఒక్క సీన్ చూశా, టోల్ ప్లాజా దగ్గర ఫాస్టాగ్ పనిచేయక క్యూలో ఉన్నప్పుడల్లా మా ఆవిడ చీరలు గుర్తొస్తున్నాయి.

బ్యాక్‌వాటర్_కర్నూలు
@తోకచుక్క చీర కట్టుకుని పరిగెత్తడం ప్రాక్టీసు చెయ్ ముందు.

బద్వేలు_బాషా
మరి వాళ్ళేమయ్యారు చివరికి?

పాతపుస్తకాలు
కొందరిని ఆస్ట్రేలియాకి ప్రవాసం పంపారు. కానీ 1844లో చట్టం మార్చి టోళ్ళు తగ్గించారు. చరిత్రలో అరుదుగా గెలిచిన అల్లరి.

నిద్రపట్టనోడు
ఇంకో డౌట్. 2012 బీబీసీ 'ది స్టోరీ ఆఫ్ వేల్స్' ఆరు భాగాలు ఎలా ఉంటుంది? ఎక్కడ చూసినా మొదట దాని పేరే వస్తోంది.

పాతపుస్తకాలు
మొత్తం ఒక చూపులో అందాలంటే అదే. పావిలాండ్ గుహలోని ముప్ఫై వేల ఏళ్ళ కిందటి ఎముకల నుంచి నేటి దాకా వస్తుంది. 1823లో తవ్వినాయన అవి ఎవరో ఆడమనిషివి అనుకున్నాడు, తీరా చూస్తే కుర్రాడు. ఆ ముక్క బాగా తీశారు. కానీ ఒకే గొంతు, వాదన లేదు, నున్నగా వెళ్ళిపోతుంది. పైగా ప్రెజెంటర్ హ్యూ ఎడ్వర్డ్స్ 2024లో కోర్టులో నేరం ఒప్పుకున్నాక నాకు ఆ మొహం చూడబుద్ధి కావడం లేదు.

మిడ్‌నైట్_మూవీస్
సౌండ్ మాత్రమే పెట్టుకోండి. లేదా మ్యూట్‌లో కోటలు చూడండి, @నిద్రపట్టనోడు గారికి ఇష్టం కదా డ్రోన్లు.

నిద్రపట్టనోడు
🙏

స్వాన్సీ_సుబ్బులు
వెల్ష్ చానల్ ఎస్‌4సీలో వచ్చేవి కూడా వదలకండి, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఉంటాయి. ఆ చానల్ పుట్టడమే ఒక ఎపిసోడ్ అవుతుంది. వెల్ష్ చానల్ ఇస్తామన్న మాటని బ్రిటన్ ప్రధాని థాచర్ ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే, గ్విన్‌వోర్ ఎవాన్స్ అనే పెద్దాయన 1980 అక్టోబర్ 6 నుంచి ఆమరణ నిరాహార దీక్ష అని ప్రకటించాడు. సెప్టెంబర్‌లోనే ప్రభుత్వం దిగొచ్చింది. 1982 నవంబర్ 1న చానల్ మొదలైంది. ఒక్క పూట కూడా పస్తుండకుండానే గెలిచాడు.

బ్యాక్‌వాటర్_కర్నూలు
పొట్టి శ్రీరాములు గారి విషయంలో ఢిల్లీ ఆ మాత్రం ముందు కదిలి ఉంటే...

చరిత్ర_మాస్టారు
ఆయన ప్రాణం పోయాక నాలుగు రోజులకు ప్రకటన వచ్చింది. అంతకు ముందు రాలేదు. దాని మీద ఇద్దరు వాదించుకునే 13 భాగాల సిరీస్ తీసేవాడు మనకెప్పుడు పుడతాడో.

తోకచుక్క
తీస్తే మొదటి ప్రోమోకే రెండు రాష్ట్రాల్లో కేసులు.

పాతపుస్తకాలు
అక్కడా డ్రాగన్ సిరీస్‌కి రెండు వైపుల నుంచీ తిట్లు తప్పలేదు. తీశారు, అంతే.

మిడ్‌నైట్_మూవీస్
ఇవన్నీ ఇండియాలో ఎక్కడ చూడాలి? బీబీసీ యాప్ ఐప్లేయర్ ఓపెన్ కావడం లేదు.

స్వాన్సీ_సుబ్బులు
ఐప్లేయర్ ఇక్కడ మాత్రమే. పాతవి యూట్యూబ్‌లో ముక్కలుగా ఉంటాయి, ప్రింటు అంతంతమాత్రం. రెక్సమ్ సిరీస్ అయితే మీ దగ్గరే ఉంది కదా, గ్రెస్‌ఫర్డ్ భాగం దాంట్లోదే.

ఎయిట్_ఇంక్లైన్
ఇంకోటి మర్చిపోయిండ్రు అందరు. 2007ల బీబీసీ వేల్స్ 'కోల్ హౌస్' అని తీసింది. మూడు కుటుంబాలను తీసుకుపోయి బ్లైనావన్‌ల పాత ఇనుప ఫ్యాక్టరీ కూలీల ఇళ్ళల్ల పెట్టి, 1927ల బతికినట్టు బతకమన్నరు. మగవాళ్ళు నిజంగ గనికి పోయి బొగ్గు కొట్టాలె. ఆడవాళ్ళు రేకు తొట్టిల నీళ్ళు కాగబెట్టి వాళ్ళకు స్నానం పెట్టాలె. దోస్తు ఒకడు క్లిప్ పంపితే టీవీకి కనెక్ట్ చేసి మా నాన్నకు చూపించిన.

నాన్న రెండు నిమిషాలు చూసి, "వానికి పార పట్టుడే రాదు, గట్ల వంగితే వారం రోజులల్ల నడుం పోతది" అన్నడు. తర్వాత ఆ స్నానం సీన్ వచ్చింది. మా అమ్మ వంటింట్ల నుంచి తొంగి చూసి, "సబ్బు ఎట్ల పెడుతుందో చూడు, వీపు మీది నల్లది గట్ల పోతదా" అని టీవీ ముంగట కూసున్నది. ఇద్దరూ క్లిప్ అయిపోయేదాక లేవలె. మిగిలిన ఎపిసోడ్లు ఎవరి దగ్గరన్న ఉంటే లింక్ పెట్టండి, రోజూ అడుగుతున్నరు.